గంజి బర్రెకు, గండం నాకు

రాని జబ్బుకు పథ్యం చేసి, ఆ పథ్యంతో అసలు జబ్బును తెచ్చుకున్న మొనగాణ్ని ఆర్మూరు మొత్తంలో నేనొక్కణ్నే అని కొంతకాలం గర్వపడ్డాను. ఆ గర్వం కూడా పూర్తిగా నిలవలేదు. ఎందుకు నిలవలేదో ముందు ముందు తెలుస్తుంది.

ఇప్పుడు అంతా గడిచిపోయింది. కాళ్లు నావే, వాటి మీద నడుస్తున్నదీ నేనే. ఎనిమిదేళ్ల తరువాత కూర్చుని రాయడం కొంత నా గుండె నిబ్బరం కోసం, కొంత మన వైపు కామెర్లు అనే మాట వినగానే తెల్లన్నం కుండ పొయ్యి మీద పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నందుకు.

నేను పసుపు మార్కెట్‌లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో మున్షీని. పేరు గంగారాం. నా పని పసుపు కొమ్ములు విరవడం. రైతు కుప్ప పోయగానే అందులోంచి ఒక కొమ్మును తీసి, రెండు చేతుల వేళ్ల మధ్య పట్టి విరవాలి. ఫట్‌మంటే బాగా ఎండినట్టు, మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టు. నేను విరిస్తే ఆ చప్పుడు జక్రాన్‌పల్లి దాకా వినబడి అక్కడ బస్సులు ఆగేవని చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే అనుకోండి.

సీజన్‌లో మా రంగు గురించి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా యార్డులో గాలే పచ్చగా ఉంటుంది. మా గోళ్లు, కనురెప్పలు, తుమ్ములు అన్నీ పచ్చనే. నేను చెమట తుడుచుకున్న తువ్వాలను నీళ్లలో జాడిస్తే పెళ్లివారి పప్పుకు సరిపోయేంత పసుపు దిగేది. నా నీడ కూడా కొంచెం పచ్చగా పడుతోందని ఒకసారి అనుమానం వచ్చి నిలబడి చూసుకున్నాను.

ఎనభై ఏడు ఫిబ్రవరిలో నాకు నాలుగు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. నీరసం మాత్రం తగ్గలేదు. హమాలీ మేస్త్రి పోశెట్టి నన్ను వరసకు బావా అంటాడు. ఆ రోజు బస్తా దించి, నా మొహంలోకి వంగి చూశాడు.

"బావా, నీ కండ్లు పచ్చగున్నయ్."

"నీవి ఎర్రగున్నయా? నీవీ పచ్చనే."

"నావి మీదికెళ్లి పచ్చగున్నయ్. నీవి లోపల్నించి పచ్చగున్నయ్. కామెర్లే గివి. మా చిన్నాయన గిట్లనే నిలవడి నిలవడి పోయిండు."

చిన్నాయన పోయిన సంగతి వినగానే నాకు నిజంగానే లోపల పచ్చగా అనిపించింది.

మరునాడు భీమ్‌గల్ బస్సెక్కి, అటువైపు ఒక ఊళ్లో చెట్ల మందు ఇచ్చే వైద్యుడి దగ్గరకు పోయాం. నేనూ, నా భార్య గంగామణీ. ఆయన పరీక్ష పద్ధతి ఏమిటంటే, రోగి చేతులకు సున్నపు తేట పూసి రుద్దడం. నీళ్లు పచ్చగా దిగితే కామెర్లు ఉన్నట్టు. నా చేతులు ఇత్తడి తాంబాళంలో పెట్టించి సున్నం నీళ్లు పోసి రుద్దాడు. నీళ్లు పచ్చగా కాలేదు. రక్తంలా ఎర్రబడ్డాయి.

ఆ ముసలాయన నా చేతులు వదిలేసి వెనక్కి జరిగాడు. చుట్టూ కూర్చున్న రోగులు తమ జబ్బులు మరిచి లేచి నిలబడ్డారు.

"ముప్పై ఏండ్ల సంది పచ్చగ దిగినోళ్లను జూస్తున్న బిడ్డా. ఎర్రగ దిగినోణ్ని నిన్నే జూస్తున్న. గివి రక్తకామెర్లు."

గంగామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బతుకుతడా తాతా?"

"పథ్యం జేస్తె బతుకుతడు. తెల్లటిది తింటెనే పచ్చటిది పోతది. మిల్లుల రెండుసార్లు పట్టించిన బియ్యం, మల్లెపువ్వు లెక్కుండాలె. కడిగిన నీళ్లు తేటగయ్యేదాంక కడుగు. గంజి పూరాగ వంపు, అండ్లనే ఉంటది పైత్యం. పల్చటి మజ్జిగ, చక్కెర, గులుకోజు. జొన్నరొట్టె వద్దు, పప్పు వద్దు, కూర వద్దు, నీసు వద్దు."

"ఎన్ని రోజులు?"

"సున్నం నీళ్లల్ల ఎరుపు దిగుడు బందయ్యేదాంక."

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మా పక్క ప్రతి పెళ్లిలో పారాణి కలుపుతారు. అది ఎలా కలుపుతారో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. గంగామణి వందల పెళ్లిళ్లలో కలిపింది, నా పెళ్లిలో నా కాళ్లకే పెట్టారు. అయినా ఆ తాంబాళం ముందు మా ఇద్దరికీ ఆ సంగతి తట్టలేదు. భయం పట్టిన మనిషికి తన ఇల్లు ఏ దిక్కున ఉందో కూడా తట్టదు. నేను పదిహేను రోజులకోసారి యార్డు నుంచి నేరుగా బస్సెక్కి పోయేవాణ్ని, చేతులు చాపేవాణ్ని. నీళ్లు ఎర్రబడేవి, ఆయన పథ్యం పొడిగించేవాడు.

మార్చి అంతా మా ఇంట్లో బియ్యం కడగడమే ఒక పండుగలా సాగింది. గంగామణి ఏడుసార్లు కడిగేది. ఎనిమిదోసారి నీళ్లు పోసి, అందులో తన ముక్కుపుడక స్పష్టంగా కనబడితేనే ఎసట్లో వేసేది. ఉడికాక ఆఖరి చుక్క దాకా గంజి వంచేది. మిల్లు తవుడు, కడిగిన కుడితి, గంజి అన్నీ మా బర్రెకే. రెండు నెలల్లో ఆ బర్రె ఏనుగుకు చెల్లెలైంది. వాకిట్లో తోకెత్తి గంతులేస్తుంటే రోడ్డు మీద లారీలు పక్కకు తప్పుకునేవి. నేను మాత్రం గోడ పట్టుకొని దాన్ని చూస్తూ, 'దీనికి పథ్యం లేదు, అదృష్టవంతురాలు' అనుకునేవాణ్ని.

మొదట పాదాలు మొద్దుబారాయి. నేల మీద నడుస్తున్నానో గోనెసంచుల మీద నడుస్తున్నానో తెలిసేది కాదు. ఒకరోజు నేను తూకం వేసే కాంట దగ్గర నుంచి వస్తుంటే పోశెట్టి నా వెనకాలే చెప్పు పట్టుకొని వచ్చాడు.

"బావా, నీ చెప్పు కాంట కాడ్నే ఇడిసొచ్చినవ్."

కిందకు చూసుకుంటే నిజంగానే ఒక కాలికి చెప్పు లేదు. రెండు వందల గజాలు ఆ ఎండలో వట్టికాలుతో నడిచాను, కాలిన సంగతి కాలికే తెలియదు.

"గా చెప్పుకు యార్డు మీద మనసైంది," అన్నాను. పోశెట్టి నవ్వలేదు. నేను జోకు వేస్తే పోశెట్టి నవ్వకపోవడం అదే మొదటిసారి. నాకు జబ్బు కంటే అదే ఎక్కువ భయం వేసింది.

తరువాత వేళ్లు. కొమ్ము పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలిసేది కాదు. విరిస్తే చప్పుడు వినబడేది కానీ వేళ్లకు కబురు అందేది కాదు. నా బతుకంతా ఆ రెండు వేళ్ల మీద నడుస్తోంది. దుకాణం సేటుకు తెలియకుండా చెవితోనే నెట్టుకొచ్చాను.

ఆ రోజుల్లోనే, గంగామణి ఇంట్లో కూర్చుని కార్ఖానాకు చుట్టే బీడీలు తిరిగొచ్చాయి. వదులుగా ఉన్నాయని కార్ఖానా వాళ్లు కట్టకు కట్టే తిప్పి పంపారు. ఆమె చుట్టిన బీడీ ఇరవై ఏళ్లలో ఒక్కటీ తిరిగి రాలేదు. "బియ్యం కడిగి కడిగి నీ ఏళ్లు అరిగిపోయినయ్," అని నేను నవ్వాను. ఆమె వేళ్లు చీరకు తుడుచుకుని మళ్లీ ఆకు అందుకుంది. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా పళ్లు నాకే వెగటుగా ఉంటాయి.

ఏప్రిల్‌లో కాళ్లు వాచాయి. గుట్ట మీది రెండు బండరాళ్లు తెచ్చి మోకాళ్ల కింద తగిలించినట్టు ఉండేది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పడుకుంటే ఊపిరి ఆడదు, గోడకు ఆనుకుని కూర్చోవాలి. కూర్చుంటే గుండె చప్పుడు నాకే వినబడేది. బాజాల మేళం ఒకటి నా పక్కటెముకల్లో అద్దెకు దిగింది.

ఒక మధ్యాహ్నం ఓపిక నశించింది. "జొన్నరొట్టె చేస్తవా చెయ్యవా? కారం అద్దుకొని ఒక్క రొట్టె తిని సస్త."

"సచ్చుడెందుకు, బతికినంక తిను. పది చేసి పెడ్త."

"గీ తెల్లన్నం నువ్వే తిను!" అని కంచం తోసేశాను. అన్నం వాకిలంతా చెదిరింది. నా ఇరవై రెండేళ్ల కాపురంలో కంచం తోయడం అదొక్కసారే. ఆమె వంగి ఒక్కొక్క మెతుకు ఏరింది. ఏరుతూ ఏరుతూ లేవలేక అక్కడే కూలబడింది. ఏడవడానికి కూర్చుందనుకున్నాను.

మే నెల మొదట్లో ఊళ్లో సూదులు వేసే ఒకాయన్ను పోశెట్టి పిలుచుకొచ్చాడు. నీరసానికి గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తే లేచి పరుగెత్తుతానన్నాడు. దండేనికి బాటిల్ కట్టారు. సగం దిగేసరికి నేను పరుగెత్తలేదు, నా గుండె పరుగెత్తింది. పెదాలు నీలమయ్యాయి. గంగామణి అరుపుకు పోశెట్టి ఎక్కడి నుంచో పసుపు బస్తాలున్న జీపును తెచ్చి, బస్తాలు రోడ్డు మీద దొర్లించి, వాటి చోట నన్ను వేసుకున్నాడు. నిజామాబాద్ దాకా అతను నన్ను వెనక నుంచి పట్టుకొని కూర్చోబెట్టే ఉన్నాడు. వంద కిలోల బస్తాను నవ్వుతూ మోసే మనిషి, నన్ను పట్టుకొని ఏడ్చాడు.

పెద్ద దవాఖాన వరండాలో మా ముందు రాష్ట్రం మొత్తం కూర్చుని ఉంది. బెంచీ మీద నిటారుగా కూర్చుంటేనే నాకు ఊపిరి. ఎవరో ముసలవ్వ తన బట్టల మూట తెచ్చి నా వీపు వెనక పెట్టింది. "ఆనుకో కొడుకా. నా మనమడు లోపలున్నడు, వాడు బయటికొచ్చేదాంక నాకు మూటతోని పనిలేదు." ఆమె పేరు అడగడానికి నాకు ఊపిరి లేదు. ఆ మూట మెత్తదనం నా వీపు ఇంకా మరిచిపోలేదు.

నన్ను చూసిన డాక్టరమ్మ నలభై దాటని మనిషి. ముందు నా కింది కనురెప్పలు లాగి చూసింది.

"కామెర్లని ఎవరన్నారు? కళ్లు తెల్లగానే ఉన్నాయి కదా."

"సున్నం నీళ్లు ఎర్రగ దిగినయమ్మా," అంది గంగామణి. "రక్తకామెర్లు."

"ఈయన ఏం పని చేస్తాడు?"

"పసుపు మార్కెట్ల మున్షీ."

డాక్టరమ్మ నా చేతులు తిప్పి గోళ్లు చూసింది. తరువాత మెల్లగా అడిగింది. "అమ్మా, పెళ్లిళ్లకు పారాణి ఎట్లా కలుపుతారు?"

"పసుపుల జరంత సున్నం..." అని మొదలుపెట్టి గంగామణి ఆగిపోయింది.  నేను నా అరచేతులు చూసుకున్నాను. పోశెట్టి తన అరచేతులు చూసుకున్నాడు. ఆ గదిలో ముగ్గురు ఆర్మూరు వాళ్లం, పసుపు మధ్య పుట్టి పెరిగినవాళ్లం, ఒకరి మొహం ఒకరు చూడలేక నేల చూశాం.

అప్పుడు ఏం తిన్నాడని అడిగింది. గంగామణి ఏడు కడుగులూ, ముక్కుపుడకా, గంజీ అన్నీ చెప్పింది. కానీ ఈసారి గొంతులో గర్వం లేదు, ఒక్కొక్క మాటకు గొంతు తగ్గుతూ పోయింది. డాక్టరమ్మ విన్నంతసేపూ నా నాడి పట్టుకునే ఉంది. నర్సును పిలిచి ఏదో సూది చెప్పింది. అది నరంలోకి ఎక్కుతుండగా నన్ను మాటల్లో పెట్టింది.

"మీ మార్కెట్‌లోకి బండ్లు ఎట్లా పోతాయి?"

"గేటు కాడ గుమాస్త... చిట్టి రాసిస్తడు," అన్నాను ఆయాసపడుతూ.

"గుమాస్తా రాకపోతే?"

"బండ్లన్నీ రోడ్డు మీదనే," అన్నాడు పోశెట్టి. "పెర్కిట్ దాంక లైను."

"లోపల?"

"లోపల కాంట ఖాలి. మేం కూసొని బీడీలు తాగుతం."

"ఈయన ఒంట్లో అదే జరిగింది," అంది.

ఆ తరువాత ఆమె చెప్పింది విని నేను ఆయాసం కూడా మరిచాను. మన ఒళ్లంతా కంటికి కనబడని కణాలట. ఒక్కొక్క కణంలో ఇంకా చిన్న పొయ్యిలట, వందలు, కొన్నిచోట్ల వేలు. వాటి పేరు మైటోకాండ్రియా. తిన్న అన్నం చక్కెరై, ఆ చక్కెర బయటే సగం విరిగి, ఆ పొయ్యి గేటు ముందుకు వస్తుంది. లోపలికి పంపే యంత్రం ఉంది కానీ దాని పక్కన ఒక చిన్న సహాయకుడు కూర్చుంటేనే అది కదులుతుంది. కోఎంజైము అంటారట. అదే మా గుమాస్తా. అతను లేకపోతే గేటు తెరుచుకోదు. లోపల తిరిగే చక్రం దగ్గర కూడా అలాంటి గుమాస్తానే మరోసారి కావాలి. అతను తయారయ్యేది బి వన్ అనే విటమిన్‌తో. అది ఉండేది బియ్యపు పైపొరలో, పప్పులో, జొన్నలో. ఒంట్లో దాని నిల్వ కొద్ది వారాలకే. గుమాస్తా లేక సగం కాలిన సరుకు బయట కుప్పపడి పులిసిపోతుంది, లోపల పొయ్యి ఆరిపోతుంది. విశ్రాంతి ఎరగనివి గుండె, నరాలు. ముందు అవే పడిపోతాయి.

"అన్నం లేక కాదు మీకు జబ్బు. అన్నం గేటు దగ్గరే ఆగిపోయింది. గ్లూకోజు పోసి ఇంకా బండ్లు పెంచారు, గుమాస్తాను మాత్రం బర్రెకు పెట్టారు."

పసుపుకు పాలిష్ పట్టడం మా వృత్తి. కొమ్ముల్ని డ్రమ్ములో వేసి పైపొట్టు రాలేదాకా తిప్పితేనే మెరుపు, మెరిస్తేనే ధర. బియ్యానికీ అంతే అనుకున్నాం. ఇంత పెద్ద శరీరం, ఇన్ని ఎముకలు, నా పొడుగు నాలుక, అన్నీ కలిసి ఇసుకరేణువు కంటే చిన్నదాని చిట్టీ కోసం చేతులు కట్టుకు నిలబడ్డాయంటే, నా జీవితంలో మొదటిసారి నేను పెంచి చెప్పడానికి ఏమీ మిగలలేదు. ఉన్నదే అంత పెద్దది.

ఆ బి వన్ సూది వేసింది పొద్దున పదకొండుకు. మధ్యాహ్నం మూడింటికి పక్కటెముకల్లో మేళం నెమ్మదించింది. సాయంత్రం దాకా మూత్రం పోస్తూనే ఉన్నాను. పోచంపాడ్ డ్యాం గేట్లు ఎత్తారని కింది ఊళ్లకు దండోరా వేయించాల్సింది. దీపాలు పెట్టే వేళకు మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. నెల రోజుల తరువాత వెల్లకిలా. పైన ఫ్యాను తిరుగుతోంది. దాన్ని చూస్తూ, నా లోపల ఎన్నో వేల గేట్లు ఒకదాని తరువాత ఒకటి తెరుచుకోవడం, బండ్లు కదలడం, పొయ్యిలు అంటుకోవడం ఊహించుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పోశెట్టి వచ్చి చూసి, "కాంట నడుస్తున్నదా బావా?" అన్నాడు. "నడుస్తున్నది," అన్నాను. అప్పుడు నవ్వాడు.

మరునాడు పొద్దున డాక్టరమ్మ వచ్చి నన్ను చూసి సంతోషపడింది. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"ఈ అన్నం ఇంకెవరు తిన్నారు?"

"ఎవ్వరు తినలేదమ్మా," అన్నాను నేను.

గంగామణి చీర అంచు పాదాల మీదికి దించుకుంది.

"మీరేం తిన్నారమ్మా?"

"మా ఇద్దరికి ఒక్కటే కుండ," అంది గంగామణి, తప్పు చేసినట్టు. "ఆయన సప్పిడి మెతుకులు తింటుంటె నేను ఎదురుంగ కూసోని పప్పు ఎట్ల తింట? వాసనొస్తది గద."

డాక్టరమ్మ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, చీర అంచు కొద్దిగా పైకి జరిపి, కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కి తీసింది. అక్కడ గుంట పడింది. ఆ గుంట పూడలేదు. నేను చూస్తూనే ఉన్నాను, అది అలాగే ఉంది. తిరిగొచ్చిన బీడీలు గుర్తొచ్చాయి. మెతుకులు ఏరుతూ కూలబడటం గుర్తొచ్చింది. నా కాళ్ల వాపును ఊరందరికీ కథలుగా చెప్పాను, నా పక్కనే నడిచే కాళ్లను ఒక్కసారి చూడలేదు.

"నాకేం గాలేదమ్మా, జర తిమ్మిరంతే," అంటోంది గంగామణి.

"గంగామణీ, చెయ్యి చాపు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆమె చాపింది. రెండో సూది ఆమెకు పడింది.

గుండె ఒక్క పూటలో దారికొచ్చింది కానీ నరాలు తొందరపడే రకం కాదు. ఆ వానాకాలమంతా మేమిద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకొని, కొత్తగా నడక నేర్చిన పిల్లల్లా వాకిట్లో తిరిగాం. బి కాంప్లెక్సు బిళ్లలకు మూత్రం పసుపు పచ్చగా దిగితే గంగామణి మళ్లీ కామెర్లని గుండె బాదుకుంది. బిళ్ల రంగే అదని మందుల షాపు ఆయన మూడుసార్లు చెబితే నమ్మింది. అసలు కామెర్లు వచ్చినా ఇలాంటి పథ్యం చేయొద్దని డాక్టరమ్మ చెప్పి పంపింది, అది మీకూ చెబుతున్నాను. కాళ్లు మొద్దుబారి, వాచి, పడుకుంటే ఊపిరి ఆడకపోతే, తాంబాళంలో చేతులు పెట్టకండి. దవాఖానకు నడవండి. నడవలేకపోతే పోశెట్టి లాంటివాణ్ని పట్టుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో దంపుడు బియ్యమే. కడగడం ఒక్కసారే. గంజి వంచితే మా ఇద్దరికీ రెండు గ్లాసులు. బర్రె గోడ మీంచి చూసి ముక్కు చీదుతుంది, అది నన్ను ఇంతవరకు క్షమించలేదు.

మరుసటి సీజన్ మొదటి రోజు యార్డుకు పోయాను. కుప్పలోంచి కొమ్ము తీసి పట్టుకున్నాను. దాని గరుకు వేళ్లకు కొంచెం తెలిసింది, పూర్తిగా కాదు. ఫట్‌మని విరిచాను. జక్రాన్‌పల్లిలో బస్సులు ఆగలేదు. పక్క దుకాణం వాడు కూడా తిరిగి చూడలేదు. నాకు మాత్రం చాలు.

సాయంత్రం ఒళ్లంతా పచ్చగా ఇంటికొచ్చాను. గంగామణి గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది, గట్టిగా, వరసగా. చేట పక్కన పెట్టి, పాన్‌డబ్బీలోంచి వేలికొసన సున్నం తీసి, నా అరచేతిలో గుండ్రంగా రాసింది. ఎర్రగా పండింది.

"రక్తకామెర్లే," అన్నాను.

"ఉంటె ఉండనియ్. గంజి సల్లారుతున్నది, తాగు."

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె వేలు గరుకుగా ఉంది. బీడీ ఆకు కోసిన చిన్న గాటు కూడా ఉంది దాని కొసన. అదంతా నాకు అరచేతిలో తెలుస్తోంది.

"నీకు తెలుస్తున్నదా?" అని అడిగాను.

ఆమె వేలు ఇంకోసారి తిప్పింది. "తెలుస్తున్నది," అంది.